సాయంత్రం 5:58: ప్రకాశం బ్యారేజీ ఫోటో ఒకటి ఎలా తయారైంది

గుంటూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకాయన ఫోన్ చేసి, హాల్లో సోఫా వెనక గోడకు ప్రకాశం బ్యారేజీ ఫోటో కావాలన్నారు. పొడవు 10 అడుగులు, ఎత్తు 3 అడుగులు. ఇంత పెద్దది ఎందుకని అడిగితే సంగతి చెప్పారు. వాళ్ల నాన్నగారు కుర్రతనంలో తన తండ్రి వెంట ఆ బ్యారేజీ మట్టిపనికి వెళ్లారట. 1952 వరదకు పాత ఆనకట్ట తెగాక, 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తి చేసిన పని అది. పెద్దాయనకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి, బయటికి వెళ్లడం తగ్గిపోయింది.

"ఆయన కూర్చునే కుర్చీకి సరిగ్గా ఎదురుగోడ సర్. సాయంత్రం వేళ కావాలి. గేట్ల నుంచి నీళ్లు దూకుతుండాలి, కొండ మీద అమ్మవారి గుడి దీపాలు వెలుగుతుండాలి" అన్నారు.

వినడానికి ఒక్క వాక్యమే. ఫోటోగ్రాఫర్‌గా వింటే అందులో మూడు రకాల వెలుతుర్లు ఉన్నాయి. సాయంత్రపు ఆకాశానిది ఒకటి, దాన్ని అద్దంలా పట్టే నీళ్లది ఒకటి, కొండ మీది కరెంటు దీపాలది ఒకటి. మొదటి రెండూ నిమిషనిమిషానికీ తగ్గిపోతుంటాయి, మూడోది అంతకంతకూ పైకి తేలుతుంటుంది. ఈ మూడూ ఒక ఫ్రేములో సర్దుకునే సమయం ఎంతసేపు ఉంటుందో తెలుసుకోవడానికే నాకు ఐదు సాయంత్రాలు పట్టింది. మధ్యలో ఒక పెద్ద తప్పు చేశాను. ఈ పని చేసేవాళ్లకు ఆ తప్పే ఎక్కువ పనికొస్తుందనిపించి, వివరంగా రాస్తున్నాను.

అది అక్టోబరు మూడో వారం. పై నుంచి ఇంకా ప్రవాహం వస్తోంది, కొన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి. నీళ్లు ఆగిపోతే గేట్లు దించేస్తారు. అప్పుడు దిగువన ఇసుక మేటలు, మధ్యలో పాయలు తప్ప ఏమీ మిగలవు, ఫోటో మళ్లీ వచ్చే వానాకాలానికే. కాబట్టి తీరిగ్గా చూద్దాంలే అనుకునే వీలు లేదు.

ఎక్కడి నుంచి తీయాలన్న దాని మీద పెద్దగా ఆలోచించలేదు. బ్యారేజీ మీద రోడ్డు ఉంది, బండ్లు పోతుంటే వంతెన సన్నగా వణుకుతూనే ఉంటుంది, అక్కడ సెకన్ల ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుతురు పట్టే వ్యవధి) కుదరదు. విజయవాడ ఒడ్డు నుంచి తీస్తే కొండ మన వెనక్కి పోతుంది. అందుకని సీతానగరం వైపు, బ్యారేజీకి కాస్త దిగువన, నీటి అంచున రాళ్లున్న చోటు చూసుకున్నాను. అక్కడ నిలబడితే 1,223 మీటర్ల బ్యారేజీ మన ఎడమ పక్క నుంచి మొదలై, 70 ఖానాలూ (గేట్లు ఉన్న ఖాళీలు) ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ పోయి, అవతల ఇంద్రకీలాద్రి పాదాల దగ్గర ఆగుతుంది. పొద్దు ఎడమవైపు, ఫ్రేము బయట వాలుతుంది. కుడి చివర కృష్ణలంక వైపు ఊరు. ఎడమ నుంచి కుడికి దాదాపు 90 డిగ్రీల దృశ్యం. ఒక్క క్లిక్కులో పట్టాలంటే వైడ్ లెన్సు కావాలి, దాంతో తీస్తే కొండ అగ్గిపెట్టెంత అయిపోతుంది. అందుకే కెమెరా నిలువుగా పెట్టి, పక్కపక్క ఫ్రేములు తీసి కుట్టే పనోరమా అనుకున్నాను.

వెలుతురు సంగతి ఒకటి ముందే చెప్పాలి. యూట్యూబ్‌లో యూరప్ ఫోటోగ్రాఫర్లు సాయంత్రపు బంగారు వెలుగు గంటసేపు ఉంటుందని చెబుతుంటారు. వాళ్ల దగ్గర ఉంటుంది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, నింపాదిగా దిగుతాడు. మనం 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, మన దగ్గర పొద్దు దాదాపు నిట్టనిలువునా పడుతుంది. అంచును తాకిన సూర్యబింబం రెండు నిమిషాలు దాటేసరికి పూర్తిగా మునిగిపోతుంది. సూర్యుడు 6 డిగ్రీల ఎత్తు నుంచి అంచుకు చేరడానికి పాతిక నిమిషాలు. అదే మన నీరెండ మొత్తం. మునిగాక మసక వెలుగు ఇంకో ఇరవై రెండు నిమిషాలు, అంతే. ఆ ఇరవై రెండు నిమిషాల్లో వెలుతురు నూరో వంతుకు పడిపోతుంది. మన భాషలో సుమారు ఏడు స్టాపులు (వెలుతురు సగానికి పడితే ఒక స్టాపు), అంటే ప్రతి మూడు నిమిషాలకూ ఒక స్టాపు. ఈ లెక్క నేను పుస్తకంలో చదివే ఉన్నాను. చదివినదాన్ని చేతిదాకా తెచ్చుకోలేదు.

మొదటి సాయంత్రం సూర్యాస్తమయం 5:46కి. 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టాను, ఎక్కువ పిక్సెళ్లు వస్తాయన్న ఆశతో. నిలువుగా పెడితే దాని చూపు వెడల్పు 16 డిగ్రీలే, అందుకని తొమ్మిది ఫ్రేములు కావాల్సి వచ్చింది. పైగా ఒక్కో ఫ్రేముకు మూడు ఎక్స్‌పోజర్లు: అర సెకను, 2 సెకన్లు, 8 సెకన్లు. ఎడమ నుంచి కుడికి తిప్పుకుంటూ పోయాను. తొమ్మిదీ అయ్యేసరికి రెండు నిమిషాల ఇరవై సెకన్లు. వైట్ బ్యాలెన్సు (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగు) ఆటోలో ఉంది, కెమెరా పట్టిన సమాచారమంతా ఉంచే రా ఫైలే కదా తర్వాత సరిచేసుకోవచ్చులే అనుకున్నాను.

ఇంటికొచ్చి కుట్టి చూస్తే ఆకాశం తడికల మాదిరిగా ఉంది. ఒక్కో పట్టీ ఒక్కో రంగు. సాఫ్ట్‌వేర్ అతుకులు కలిపేసింది గానీ, ఎడమ చివర నుంచి కుడి చివరకు వచ్చేసరికి సాయంత్రం కాస్తా రాత్రి అయిపోయింది. కారణం లెక్కలోనే ఉంది. రెండు నిమిషాల ఇరవై సెకన్లంటే ముప్పావు స్టాపు. ఎడమ పక్క పొద్దు వాలిన దిక్కు, అది అసలే వెలుగు. కుడి పక్క ఊరు, అది అసలే చీకటి. నేను వెలుగు నుంచి చీకటికి నడుస్తుంటే సాయంత్రం కూడా అదే దారిలో నడిచింది, రెండూ కలిసి తేడా పెరిగిపోయింది.

దీనికి మందు తేలికే. కుడి నుంచి ఎడమకు తీయాలి. చీకటి పక్కను ముందు, వెలుతురు ఇంకా ఉండగా తీసేసి, వెలుగు పక్కకు చివర్లో రావాలి. అప్పుడు తగ్గే వెలుతురు మన వైపు పనిచేస్తుంది. ఇన్నేళ్లుగా పనోరమాలు తీస్తూ ఇది నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. కుడిచేతి వాటంవాళ్లం ఎడమ నుంచి మొదలుపెట్టడం అలవాటు, అంతే.

లెన్సు కూడా మార్చాను. 50 మిల్లీమీటర్లు నిలువుగా పెడితే 27 డిగ్రీలు వస్తుంది, ఆరు ఫ్రేముల్లో పని అయిపోతుంది. నా 24 మెగాపిక్సెల్ కెమెరాతో కుట్టాక వెడల్పు సుమారు 13,000 పిక్సెళ్లు. 10 అడుగుల మీద పరిస్తే అంగుళానికి 108. అంగుళానికి 300 ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు, అది చేతిలో పట్టుకుని చూసే పుస్తకానికి. హాల్లో ఆరడుగుల దూరం నుంచి చూసే ప్రింటుకు 108 ధారాళంగా సరిపోతుంది. ఎక్కువ పిక్సెళ్ల కోసం ఎక్కువ నిమిషాలు ఖర్చు పెట్టడం ఈ వెలుతురులో నష్టం బేరం.

రెండో సాయంత్రం గాలిలో తేమ బాగా ఉంది. కొండ పాలిపోయి కనిపిస్తుంటే పొగమంచు తెర చీల్చుదామని పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టరు) బిగించాను. పోలరైజర్ సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున ఉన్న ఆకాశాన్ని అన్నిటికన్నా ఎక్కువ నల్లబరుస్తుంది. పొద్దు పడమట వాలుతుంటే ఆ దిక్కు ఉత్తరం. నా ఫ్రేములో ఉత్తరాన ఉన్నది ఇంద్రకీలాద్రి. సరిగ్గా అమ్మవారి కొండ నెత్తిన ముదురు నీలం మచ్చ, వాన మేఘం దిగినట్టు. ఎడిటింగ్‌లో దాన్ని తీయాలని రెండు గంటలు కూర్చున్నాను, ఎంత తీసినా చుట్టూ మరక మిగిలింది. ఇంత వెడల్పు పనోరమాకు పోలరైజర్ పెట్టకూడదు.

మూడో సాయంత్రం మేఘాలు వచ్చాయి. సూర్యుడు మునిగేటప్పుడు ఏమీ లేదు, బూడిద రంగే. చుట్టుపక్కల ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్న జనం ఇళ్లకు లేచారు. ఒక ఎనిమిది నిమిషాలకు మేఘాల అడుగు భాగాలు ఎడమ నుంచి అంటుకుంటూ వచ్చాయి. మనకు కనపడకుండా పోయిన సూర్యుడు పై మేఘాలకు ఇంకా కనపడుతూనే ఉంటాడు, ఆ ఎరుపు అక్కడిది. కింద నీళ్లు మొత్తం రాగి పళ్లెంలా అయ్యాయి. చూస్తుంటే గుండె నిండిపోయింది. నీళ్ల ధారలు చెరిగిపోకుండా పట్టాలని ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి వేగంగా ఒక వరస తీశాను. తర్వాత పది నిమిషాలు ఆగి, ఆకాశం నీలానికి తిరిగి గుడి దీపాలు బాగా తేలాక, ఐఎస్‌ఓ 100 మీద 3 సెకన్ల చొప్పున ఇంకో వరస తీశాను.

తప్పు ఇక్కడ జరిగింది. రెండో వరసలో ఆకాశం, దీపాలు అద్భుతంగా ఉన్నాయి. నీళ్లు మాత్రం మూడు సెకన్ల ఎక్స్‌పోజర్‌కు దూదిలా అయిపోయాయి. గేటు కింద నుంచి దూకే నీటికి ఉండే బలం, నురగ, తాళ్లు పేనినట్టు ఉండే ధారలు, ఏవీ లేవు. మొదటి వరసలో నీళ్లు ప్రాణంతో ఉన్నాయి. ఫోటోషాప్‌లో రెండింటినీ కలిపాను. పైన రెండో వరస, కింద మొదటి వరస, మధ్యలో బ్యారేజీ అంచు వెంట మాస్కు, అంటే ఏ వరస ఎక్కడి దాకా కనపడాలో గీసే హద్దు. అతుకు ఎక్కడా కనపడలేదు. రంగులు కొంచెం దగ్గరికి తెచ్చాను. మా స్టూడియోలో చూసినవాళ్లందరూ బాగుందన్నారు. నాకూ నచ్చింది.

చిన్న సైజులో ప్రింటు తీసి గుంటూరు తీసుకెళ్లాను. కొడుకు చూసి "సూపర్ సర్" అన్నారు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ వైపు తిప్పుకుని చాలాసేపు చూశారు.

"ఇది పొద్దున తీశావా, సాయంత్రమా అబ్బాయ్?"

"సాయంత్రమే తాతగారూ."

"సాయంత్రం పూట ఈ పక్క ఖానాలకి ఎండ తగలదు. ఎండంతా అవతలి పక్క. మేం పని దిగే వేళకి ఇటు నీడే ఉండేది, అక్కడే కూర్చునేవాళ్లం. మరి పైన ఆకాశం నల్లబడి దీపాలు కూడా పెట్టాక, కింద నీళ్లు ఎట్టా ఎర్రగా ఉన్నయ్?"

నేను నీళ్లు నమిలాను. మేఘాల వెలుగు తాతగారూ అని ఏదో అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆ ఫోటోలో పైన ఎర్ర మేఘం లేదు. ఆయన అడిగినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. నీరు ఆకాశానికి అద్దం. పైన లేని రంగు కింద ఉండదు. అతుకు కనపడకపోవచ్చు, చూసేవాడికి ఫోటో భాష రాకపోవచ్చు, కానీ ఒక చోట బతికిన మనిషి కంటికి అక్కడి వెలుతురు ఎటు నుంచి ఎప్పుడు వస్తుందో తెలుసు. నేను ఆయనకు 5:53 నాటి నీళ్లు, 6:03 నాటి ఆకాశం కలిపి, లేని సాయంత్రాన్ని ఇచ్చాను.

బస్సులో తిరిగి వస్తూ మంగళగిరి దాటేలోగా ఒక నిర్ణయానికి వచ్చాను. ఫోటోలో ఉన్నదంతా ఒకే నిమిషానిది కావాలి. ఎక్స్‌పోజర్లు ఎన్నయినా కలుపుతాను, నిమిషాలు కలపను. నీళ్లు కదలాలంటే ఆ కదలికను కూడా అదే నిమిషంలో కెమెరాతోనే తెచ్చుకోవాలి. ఎడిటింగులో ఇంకో వేళ నుంచి అరువు తేకూడదు. అందరూ ఇలాగే చేయాలని నేను అనను. ఆకాశాలు మార్చే ఫోటోగ్రాఫర్లున్నారు, పోస్టర్లకు, ప్రకటనలకు ఆ పని కావాలి. ఒక మనిషికి తన ఊరిని చూపిస్తున్నప్పుడు మాత్రం అది మోసం అవుతుందనే నా నమ్మకం.

నాలుగో సాయంత్రం వాన. రెయిన్‌కోటు కప్పుకుని గొడుగు కింద కెమెరా పెట్టుకుని ఆరింబావు దాకా కూర్చున్నాను, ఒక్క ఫ్రేము రాలేదు. పైగా ఎత్తిన గేట్లు అంతకుముందుకన్నా తగ్గాయి. టెన్షన్ మొదలైంది. ఎల్లుండికి ఎన్ని ఉంటాయో.

ఐదో సాయంత్రం. ఈ పది రోజుల్లో సూర్యాస్తమయం 5:46 నుంచి 5:40కి జరిగింది. వాన వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టు ఉంది. మధ్యాహ్నం మూడున్నరకే వెళ్లి ట్రైపాడ్ వేసి, స్పిరిట్ లెవెల్ చూసి, ఆరు స్థానాల దగ్గరా ట్రైపాడ్ తలకు తెల్ల టేపుతో గుర్తులు పెట్టాను, చీకట్లో వెతుక్కోకుండా. ఫోకస్ కొండ మీద పెట్టి మాన్యువల్‌కు మార్చాను. వైట్ బ్యాలెన్సు 5200 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) దగ్గర కట్టేశాను. రా ఫైలులో ఎలాగూ మార్చుకోవచ్చు, అయినా ఇది అవసరం. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్‌ను, అంటే ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్‌ను, కెమెరా ఆ వైట్ బ్యాలెన్సు లెక్కనే గీస్తుంది. సాయంత్రపు ఆకాశంలో ముందు పగిలిపోయేది ఎరుపు చానెల్. తెల్లటి మొత్తం గ్రాఫ్ చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది, ఎరుపు ఒక్కదాన్ని విడిగా చూస్తే కుడిగోడకు గుద్దుకుని ఉంటుంది. ఆ తర్వాత ఏ స్లైడరూ దాన్ని వెనక్కి తేలేదు, నారింజ రంగు ఉండాల్సిన చోట చప్పటి పసుపు మిగులుతుంది. నేను మూడు చానెళ్లనూ విడివిడిగా చూసే ఎక్స్‌పోజర్ పెడతాను.

నోటుపుస్తకంలో ఆ రోజు అంకెలు ఇలా ఉన్నాయి, అన్నీ ఎఫ్ 8 (లెన్సు రంధ్రం, అంటే ఎపర్చరు కొలత; అంకె తగ్గితే రంధ్రం పెద్దది), ఐఎస్‌ఓ 100 మీద. 5:40కి 1/15 సెకను. 5:48కి 1/3 సెకను. 5:58కి 3 సెకన్లు.

5:50 దాకా గుడి దీపాలు ఆకాశం ముందు వెలవెలబోతున్నాయి. 5:54కి అవి ఉన్నట్టు తెలుస్తోంది. 6:03 తర్వాత అవే మొత్తం ఫోటోను లాగేసుకుంటాయి, కొండ నల్ల ముద్ద అయిపోతుంది. 5:57 నుంచి 5:59 మధ్యలో కొండ రాళ్ల ఆకారం ఇంకా కనపడుతూ, దీపాలు దీపాల్లా ఉంటాయి. నాకు కావాల్సిన వ్యవధి అదీ, రెండు నిమిషాలు.

5:57 దాటగానే కుడి చివర నుంచి మొదలుపెట్టాను. ఆరు ఫ్రేములు, ఒక్కోటి 3 సెకన్లు, తిప్పుకోవడానికి నాలుగైదు సెకన్లు. ముప్పావు నిమిషంలో ఎడమ చివరకు వచ్చాను. ఈసారి తేడా పావు స్టాపు, అదీ మనకు అనుకూలంగా. వెంటనే కొండ ఉన్న రెండు ఫ్రేములకు వెనక్కి వెళ్లి 1/4 సెకనులో ఒక్కోటి తీశాను, దీపాల చుట్టూ తెల్లగా పగిలిపోయిన చోట వేయడానికి. ఆ తర్వాత ఎఫ్ 4, ఐఎస్‌ఓ 1600. లెక్క చూడండి, ఎపర్చరులో రెండు స్టాపులు, ఐఎస్‌ఓలో నాలుగు, మొత్తం ఆరు. మూడు సెకన్లు కాస్తా 1/20 సెకను అయింది. అదే నిమిషంలో, అదే ఆకాశం కింద, నీళ్లు ధారలుగా దొరికాయి. గేట్లు ఉన్న నాలుగు ఫ్రేములకూ అలా తీశాను. వాచీ చూస్తే 5:59. చేతులు వణుకుతున్నాయి. అక్కడే రాయి మీద కూర్చుని స్క్రీను మీద ఫ్రేములన్నీ పెద్దవి చేసి చూసుకున్నాను.

ఎడిటింగు మొదట్లో నేను అందాన్ని పట్టించుకోను. ఆరు ఫ్రేములను ఒకే వెలుతురుకు తేవడమే మొదటి పని. కొండ ఉన్న ఫ్రేమును తలకాయ ఫ్రేముగా పెట్టుకుని, లైట్‌రూమ్‌లో దాని సెట్టింగులు మిగతా అయిదింటికీ కాపీ చేశాను. ఆ తర్వాత పక్కపక్క ఫ్రేములు రెండింటిలోనూ పడిన ఒకే పియర్ (ఖానాల మధ్య స్తంభం) మీద కర్సర్ పెట్టి అంకెలు చూస్తాను. సిమెంటు పియర్ కాబట్టి రంగు తటస్థంగా ఉంటుంది, కొలతకు దానికి మించింది లేదు. ఒక ఫ్రేములో ఎరుపు, ఆకుపచ్చ, నీలం 31, 33, 39 శాతం ఉంటే పక్క ఫ్రేములో అదే పియర్ 29, 31, 37 ఉంది. ఎక్స్‌పోజర్‌ను స్టాపులో పదో వంతు చొప్పున జరుపుతూ రెండింటినీ కలిపాను. ఇలా ఐదు అతుకుల దగ్గరా. లెన్సు అంచుల్లో నీడ పడుతుంది కాబట్టి, దాన్ని లెన్స్ ప్రొఫైల్‌తో ముందే తీసేసి ఈ కొలత చూడాలి, లేకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి. కుట్టే సాఫ్ట్‌వేర్ తనే సరిచేస్తుందిగా అంటారు. అతుకు దగ్గర సరిచేస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఆకాశం ఒక్కటిగా పారాలంటే మనం కూర్చోవాల్సిందే.

నీళ్ల ఫ్రేములకు నాయిజ్ తగ్గించి, అదే వైట్ బ్యాలెన్సు మీద, దిగువ నీటి వరకే మాస్కుతో వేశాను. ఇక్కడ నేను ఎప్పుడూ చూసుకునే పరీక్ష ఒకటుంది. నురగను పక్కన పెడితే, ప్రశాంతంగా ఉన్న నీరు తను ప్రతిబింబించే ఆకాశం కన్నా ఎప్పుడూ కాస్త ముదురుగానే ఉంటుంది. మనం షాడోలు పైకి లాగే ఉత్సాహంలో నీళ్లను ఆకాశం కన్నా వెలుగుగా చేసేస్తాం. చూసేవాళ్లకు ఏదో తేడా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. నా ఫైలులో కూడా ఒక దశలో నీళ్లు దాటిపోయాయి, ముప్పావు స్టాపు కిందికి దించాను.

దీపాల దగ్గర 1/4 సెకను ఫ్రేమును, వెలుగు తీవ్రతను బట్టి పరుచుకునే మాస్కుతో కలిపాను. దీపాల పసుపును తగ్గించి తెల్లగా చేయమని చెప్పేవాళ్లుంటారు. నేను ముట్టుకోలేదు. నీలం ఆకాశం ముందు ఆ పసుపే గుడికి ప్రాణం.

మసక తెరను తగ్గించే డీహేజ్ స్లైడరు గురించి ఒక మాట. దాన్ని 30 దాకా లాగితే కొండ గీసినట్టు బయటికి వచ్చింది, చుట్టూ మాత్రం తెల్ల అంచు పుట్టింది, నీలం మీద ఆకుపచ్చ జీర దిగింది. సున్నాకు తెచ్చేశాను. అవతలి ఒడ్డున ఉన్న కొండ కాస్త పాలిపోయి ఉండాలి, అది అంత దూరాన ఉందని కంటికి చెప్పేది ఆ పాలిపోవడమే. కేవలం కొండ మీద కాంట్రాస్టు కొంచెం పెంచి వదిలేశాను.

ప్రింటింగు మళ్లీ ఇంకో చదువు. మొదట ఒక ల్యాబ్‌లో టెస్టు ప్రింటు తీయిస్తే వాళ్ల మెషీన్‌లో ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉండిపోయి, సాయంత్రాన్ని మిట్టమధ్యాహ్నంలా తేల్చేసింది. ఇంకోచోట మాట్లాడుకుని, వాళ్ల కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ప్రొఫైల్ ఫైలు తెచ్చుకుని, స్క్రీను మీద సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో ముందే చూపే నమూనా) పెట్టి చూశాను. నా మానిటరు వెలుగు కూడా ఎక్కువగా ఉంది. 110 క్యాండెలాలకు దించాక గానీ ప్రింటు ఎందుకు నల్లగా వస్తోందో అర్థం కాలేదు. పూర్తి సైజు కొట్టించే ముందు, కొండ, రెండు గేట్లు, కొంచెం నీళ్లు పడేలా అడుగు వెడల్పు పట్టీ ఒకటి తీయించి గుంటూరు తీసుకెళ్లి, వాళ్ల గోడకే అంటించాను. రాత్రి ఏడింటికి, వాళ్ల హాలు లైట్లలో. అవి 3000 కెల్విన్ వెచ్చటి ఎల్‌ఈడీలు. స్టూడియోలో 5000 కెల్విన్ కింద చక్కగా ఉన్న నీలం అక్కడ బూడిదైపోయింది, నీడల్లో పియర్లు మునిగిపోయాయి. నీలాన్ని కొద్దిగా పెంచి, నీడలను అర స్టాపు లేపి, ఇంకో పట్టీ తీయించాను. మూడో పట్టీకి కుదిరింది. మెరుపు కాగితం వద్దని మ్యాట్ తీసుకున్నాం, ఎదురుగా కిటికీ ఉంది కాబట్టి.

ఈ పట్టీల కోసం మూడుసార్లు గుంటూరు తిరగడం ఎందుకని మా తమ్ముడు విసుక్కున్నాడు. వెలుతురు కోసం నది ఒడ్డున ఐదు రోజులు కూర్చున్నవాళ్లం, అది చివరికి చేరే గదిలోని వెలుతురును ఒక్క పూట చూడకపోతే ఎట్లా.

బిగించిన రోజు పెద్దాయన కుర్చీ కాస్త ముందుకు జరిపించుకున్నారు. ఈసారి ఏమీ అడగలేదు. వేలితో గాలిలో ఖానాలు లెక్కపెడుతూ, ఒకచోట ఆగి, కొడుకుతో అక్కడ ఇసుక బస్తాలు వేసిన సంగతేదో చెప్పారు. మెషీన్లు ఎన్నో, మనుషులు ఎంతమందో చెప్పారు. కాఫీ తాగి నేను లేస్తుంటే పిలిచారు.

"బాగుంది అబ్బాయ్. మా రోజుల్లో మాత్రం కొండ మీద ఇన్ని దీపాలు లేవు."

ఐదో సాయంత్రం ఫైళ్లలో 5:48 నాటి ఫ్రేము ఒకటి ఉంది. ఎక్స్‌పోజర్ సరిచూసుకోవడానికి తీసింది. దీపాలు ఇంకా తేలలేదు, కొండ కొండలా ఉంది, గేట్ల కింద నీడ, నీళ్ల మీద కొద్దిగా రాగి రంగు, పైన ఆకాశం అంచునా అదే రాగి రంగు. దానికి కుట్టడాలు, కలపడాలు ఏమీ చేయలేదు. వైట్ బ్యాలెన్సు చూసి, నీడలు కొంచెం లేపి, 12 అంగుళాలకు 18 అంగుళాల ప్రింటు తీయించి పంపాను. అది ఆయన పడకగదిలో, మంచం పక్క గోడకు ఉంది.